పొగమంచులో బాణాలు

అందరికీ నమస్కారం.

ఆ రోజు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు పోషించే ఆట, దాని ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. నేను డీఎంని, అంటే కథ నడుపుతూ రూల్స్ మీద తీర్పు చెప్పేవాణ్ని. గుట్ట మీద నుంచి గాబ్లిన్ విలుకాళ్లు పార్టీ (ప్లేయర్ల పాత్రల జట్టు) మీద బాణాలు వేస్తున్నారు. మధ్య దూరం నూరడుగులు. షార్ట్‌బో మామూలు రేంజ్ 80 అడుగులు. అది దాటితే 320 దాకా డిసడ్వాంటేజ్. అంటే ఇరవై ముఖాల డైస్ రెండుసార్లు వేసి, తక్కువ పడిందే తీసుకోవాలి. మా విజార్డ్ (మాంత్రికురాలి పాత్ర) దగ్గర మిగిలింది ఒక్క స్పెల్ స్లాట్, అంటే ఇంకొక్క మంత్రానికి సరిపడా శక్తి. ఆ ప్లేయర్ చాలాసేపు ఆలోచించి, ఆ ఒక్కటీ ఖర్చుపెట్టి, తమ మీదే ఫాగ్ క్లౌడ్ వేసింది. చుట్టూ 20 అడుగుల మేర దట్టమైన పొగమంచు. "ఇప్పుడు కొట్టమను చూద్దాం" అంది.

నేను పుస్తకం తెరిచాను. గాబ్లిన్‌కు టార్గెట్ కనబడదు, కాబట్టి డిసడ్వాంటేజ్. దూరం ఎక్కువ, ఇంకో డిసడ్వాంటేజ్. కానీ మంచులో ఉన్నవాళ్లకూ గాబ్లిన్ కనబడదు. కనబడని శత్రువు కొడితే అతనికి అడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి ఎక్కువ పడిందే తీసుకోవడం. రెండూ ఉన్నప్పుడు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టకూడదు, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి అంటుంది రూల్. అంటే డైస్ మామూలుగా ఒక్కసారే వేయాలి. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15 ఉన్న మనిషిని, డైస్‌కు 4 కలుపుకునే గాబ్లిన్ కొట్టాలంటే 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. మంచు లేనప్పుడు ఆ అవకాశం 25 శాతం. మంచు వేశాక 50 శాతం! కాపాడుకోవడానికి వేసిన మంచు బాణాలకు రెట్టింపు దారి ఇచ్చింది.

రూల్ అలాగే చదివి వినిపించి, బాణాలు వేశాను. మిగతా సెషన్ అంతా ఆమె తన వంతు వచ్చినప్పుడు "ఫైర్ బోల్ట్" (స్లాట్ అక్కర్లేని మంత్రం) అనడం, డైస్ వేయడం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

నేను చదివింది తప్పు కాదు. కానీ ఈ మధ్యాహ్నం మీతో పంచుకోవాలనుకున్నది ఇది. అర్థం కాని రూల్ వచ్చినప్పుడు "ఈ వాక్యానికి సరైన అర్థం ఏమిటి" అని గంటలు వాదించుకుంటాం. ఆ వాక్యాన్ని నమ్మి ఒక మనిషి ఇప్పటికే ఏదో ఖర్చుపెట్టిందన్న సంగతి మర్చిపోతాం.

అలాగని అక్షరాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ముందు అక్షరమే చూడాలి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్ పుస్తకంలో "మెలీ వెపన్ అటాక్" (దగ్గరి నుంచి చేసే ఆయుధ దాడి) వేరు, "మెలీ వెపన్‌తో చేసే అటాక్" వేరు. ఒట్టి పిడికిలితో గుద్దితే మొదటిది అవుతుంది, రెండోది కాదు. మొదటిసారి వింటే చిరాకేస్తుంది కానీ, ఆ తేడా తెలియకపోతే సగం ఎబిలిటీలు తప్పుగా నడుస్తాయి. ఇంకొకటి: సామాన్య రూల్‌కూ విశేష రూల్‌కూ పడకపోతే విశేషానిదే పైచేయి అని ఆ పుస్తకమే చెబుతుంది. వ్యాకరణం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, ఉత్సర్గం, అపవాదం అని చదువుకున్నదే. ఉకార సంధి నిత్యం, అకార సంధి బహుళం అని బడిలో వల్లెవేశాం కదా, గేమ్ రూల్స్‌లోనూ నిత్యాలున్నాయి, బహుళాలున్నాయి. చిక్కేమిటంటే ఏది ఏదో పక్కన రాసి ఉండదు.

అందుకే రెండో చూపు కావాలి: ఈ రూల్ ఎందుకు పెట్టారు? అడ్వాంటేజ్‌లు లెక్కపెట్టొద్దన్నది ఆట వేగంగా సాగడానికి. కనబడని శత్రువుకు అడ్వాంటేజ్ ఇచ్చింది, దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియక తప్పుకోలేం కాబట్టి. విడివిడిగా రెండూ చక్కని రూల్సే. గుడ్డిగా బాణం వేసేవాడికి కూడా ఆ లాభం దక్కుతుందని ఎవరూ కోరుకుని ఉండరని నా నమ్మకం.

రాసినవాళ్లకే ఇలాంటివి తర్వాత కనబడతాయి. 2014లో ఇన్విజిబుల్ కండిషన్ రాసిన తీరు ప్రకారం, అదృశ్యంగా ఉన్నవాణ్ని సీ ఇన్విజిబిలిటీ స్పెల్‌తో చక్కగా చూడగలిగినా, వాణ్ని కొట్టడానికి డిసడ్వాంటేజ్ పోదు. 2024 పుస్తకంలో దాన్ని సరిచేశారు: నిన్ను చూడగలిగేవాడి మీద ఆ లాభం నీకుండదు. పదేళ్లు పట్టింది. అంతకుముందే ఎన్నో టేబుళ్ల దగ్గర డీఎంలు ఆ తీర్పు సొంతంగా ఇచ్చేసి ఉంటారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చిన రోజు నుంచీ ఈ ఆట అలాగే బతుకుతోంది. 1979లో డ్రాగన్ పత్రిక రూల్స్ సందేహాల కోసం ప్రత్యేకంగా శీర్షిక మొదలుపెట్టాల్సి వచ్చిందంటే చూడండి.

ఆ సెషన్ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. ప్లేయర్ ఏదైనా పెద్ద పని చేస్తానంటే, డైస్ పట్టుకునే ముందు అడుగుతాను: "ఇలా చేస్తే ఏం జరుగుతుందనుకుంటున్నావు?" ఆమె చెప్పిందీ నేను చదివిందీ కలవకపోతే అప్పుడే చెప్పేస్తాను. నిర్ణయం వెనక్కి తీసుకోవచ్చు, స్లాట్ ఖర్చు కాదు. ఆ రోజు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, మంచులో హైడ్ యాక్షన్ తీసుకుంటే (అంటే ఆ వంతును దాక్కోవడానికి వాడితే) గాబ్లిన్లు మీరెక్కడున్నారో ఊహించి కొట్టాల్సి వస్తుందని కూడా చెప్పగలిగేవాణ్ని. పుస్తకం ప్రకారం ఆ మంచుకున్న అసలు బలం అదే. అది చెప్పకుండా బాణాలు వేశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందే కాదు, అర్థంలో తేడా ఆట మధ్యలో బయటపడినా ప్లేయర్ పక్షానే ఉంటాను. రెండు మూడు నిమిషాల్లో తేలకపోతే ప్లేయర్ అనుకున్న అర్థంతోనే ఆ వంతు నడిపిస్తాను. రాసిన తీరులో లోపముంటే ఆ నష్టం ఆమె ఎందుకు మోయాలి? సెషన్ అయ్యాక అందరం కూర్చుని, ఇకపై ఎలా ఆడాలో తేల్చుకుని నోట్‌బుక్‌లో రాసుకుంటాం. రాసింది రెండు పక్షాలకూ వర్తిస్తుంది, నా రాక్షసులతో సహా.

మంచు గురించి ఆ మరుసటి వారం రాసుకున్నాం: "టార్గెట్ కనబడనివాడికి, తాను కనబడకపోవడం వల్ల అడ్వాంటేజ్ రాదు." కొన్ని సెషన్ల తర్వాత శత్రు మాంత్రికుడొకడు సరిగ్గా అదే ఫాగ్ క్లౌడ్ వేసుకుని అందులో దాక్కున్నాడు. మా రేంజర్ హుషారుగా ఒక్క డైస్ తీసి వేయబోయాడు. నేనింకా నోరు తెరవలేదు. విజార్డ్ ప్లేయర్ నోట్‌బుక్ తీసి ఆ లైన్ చదివి, రెండో డైస్ అతని ముందుకు జరిపింది.