క్యాలెండర్‌లో గంటతో పాటు ఊరు కూడా రాయండి

హోస్ట్: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఒకరు కువైట్‌లో, ఇంకొకరు డాలస్‌లో ఉండే ఇళ్లు మన పక్క ఎన్నో. అందుకే ఈరోజు క్యాలెండర్ యాప్‌లలో టైమ్ జోన్ సంగతి. అక్కా, నేరుగా అడిగేస్తా. ఎండాకాలమంతా మంగళవారం సాయంత్రం ఆరున్నరకు ఉన్న మీటింగ్ నవంబర్ రాగానే ఏడున్నరకు జరిగిపోతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకట్లా?

గెస్ట్: అది న్యూయార్క్ వాళ్లు పెట్టిన మీటింగ్ అయ్యుంటుంది తమ్ముడూ. వాళ్లకది ఎప్పుడూ ఉదయం 9 గంటలే. మన టైమ్ ఏడాది పొడవునా యూటీసీ కంటే, అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే టైమ్ కంటే, ఐదున్నర గంటలు ముందు, కదలదు. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. 2026లో అయితే మార్చి 8, నవంబర్ 1. ఎండాకాలంలో మనకూ న్యూయార్క్‌కూ తేడా తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. అందుకే వాళ్ల 9 మనకు కొన్నాళ్లు 6:30, కొన్నాళ్లు 7:30. యాప్ సరిగ్గానే చేసింది.

హోస్ట్: అదే మీటింగ్ మనం పెట్టి ఉంటే?

గెస్ట్: మనకు ఆరున్నర కదలదు, నవంబర్‌లో వాళ్ల 9 కాస్తా 8 అవుతుంది. వారం వారం వచ్చే మీటింగ్ ఏ ఊరికి కట్టి ఉంటే ఆ ఊరి గడియారం వెంట నడుస్తుంది. పెట్టేముందే తేల్చుకోవాల్సింది అదొక్కటే. నన్నడిగితే ఆ గంట ఎవరికి ఇరుకో వాళ్ల ఊరికి కట్టాలి. ఇక్కడ రాత్రి పదిన్నరకు కూర్చునేవాళ్లకు అది పదకొండున్నర కాకుండా కోల్‌కతా జోన్‌లో (యాప్‌లలో మన దేశం టైమ్‌కు ఉండే పేరు) పెట్టమని అడగడంలో తప్పేమీ లేదు.

హోస్ట్: లండన్ వాళ్లు కూడా ఉంటే?

గెస్ట్: అక్కడే జాగ్రత్త. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం జరిపి, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి తెస్తారు. 2026లో మార్చి 29, అక్టోబర్ 25. అంటే మార్చిలో మూడు వారాలు, శరదృతువులో ఒక వారం అమెరికా, లండన్‌ల మధ్య మామూలు తేడా ఉండదు. న్యూయార్క్–లండన్ ఐదు గంటలని బట్టీపట్టినవాళ్లకు అది నాలుగే అవుతుంది. మూడు ఊళ్ల మీటింగ్‌లు ఉన్నవాళ్లు ఆ నాలుగు వారాలూ తేదీ తేదీకీ తెరిచి చూసుకోవాలి.

హోస్ట్: మెయిల్‌లో 'ఈఎస్‌టీ 9 గంటలు' అని వస్తుంది కదా, దాన్ని ఎట్లా ఎక్కించుకోవాలి?

గెస్ట్: ఈఎస్‌టీ అంటే న్యూయార్క్ వైపు వాళ్ల చలికాలం టైమ్. జూలైలో అట్లా వస్తే, అక్షరాల ప్రకారం మనకు రాత్రి ఏడున్నర. పంపినవాళ్ల మనసులో ఉండేది మాత్రం ఎక్కువగా ఆరున్నరే. అడిగి కనుక్కోవాలి. మన ఐఎస్‌టీ కూడా అంతే, ఐర్లండ్ వాళ్లూ ఇజ్రాయెల్ వాళ్లూ వాళ్ల టైమ్‌ను ఐఎస్‌టీ అనే అంటారు. ఊరి పేరు రాస్తే ఈ గొడవే ఉండదు. 'జీఎంటీ మైనస్ 5', అంటే యూటీసీకి ఐదు గంటలు వెనక, అని అంకె ఎంచుకుంటే ఆ అంకెకు ఎండాకాలం ఎప్పుడొస్తుందో తెలీదు. న్యూయార్క్ అని ఎంచుకుంటే తెలుసు. అమెరికాలోనే ఫీనిక్స్ వాళ్లు గడియారం జరపరు, అక్కడికి మనకు ఎప్పుడూ పన్నెండున్నర గంటల తేడానే. విండోస్ జాబితాలో చూడు, 'చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూ ఢిల్లీ' అని ఒకటుంటుంది, శ్రీలంకది 'శ్రీ జయవర్ధనపుర' అని వేరే ఉంటుంది. రెండూ ఐదున్నరే, అయినా మనది మొదటిదే. శ్రీలంక 1996లో టైమ్ మార్చుకుని 2006లో మళ్లీ ఐదున్నరకు వచ్చింది. ఊరి పేరులో ఆ చరిత్రంతా ఉంటుంది.

హోస్ట్: సెట్టింగ్స్‌లోకి వెళ్దామా?

గెస్ట్: గూగుల్ క్యాలెండర్ కంప్యూటర్‌లో తెరిచి సెట్టింగ్స్, జనరల్, టైమ్ జోన్. ప్రైమరీ మన ఐఎస్‌టీ ఉండాలి. దాని పైనే 'డిస్‌ప్లే సెకండరీ టైమ్ జోన్' టిక్ చేసి, 'డాలస్' అని లేబుల్ ఇస్తే ఎడమ పక్క రెండు గంటల వరసలు పక్కపక్కన కనిపిస్తాయి. ఇది అందరూ పెట్టుకోదగ్గది. ఫోన్ యాప్‌లో 'యూజ్ డివైస్ టైమ్ జోన్' ఆన్‌లో ఉంటే కువైట్‌లో దిగగానే అన్నీ అక్కడి టైమ్‌లో కనిపిస్తాయి. కంగారుపడక్కర్లేదు, మీటింగ్ టైమ్ మారలేదు, చూపించే పద్ధతి మారింది. ఐఫోన్‌లో ఎక్కడున్నా మన టైమే కనబడాలంటే క్యాలెండర్ సెట్టింగ్స్‌లో 'టైమ్ జోన్ ఓవర్‌రైడ్' ఆన్ చేసి మన జోన్ ఎంచుకోవాలి. పాత అవుట్‌లుక్‌లో జోన్ మారిస్తే విండోస్ గడియారమే మారిపోతుంది, గుర్తుంచుకో. రోజంతా ఉండే పుట్టినరోజుల్లాంటివి కూడా అప్పుడు రెండు రోజుల మీదికి పాకుతాయి.

హోస్ట్: విమానం టికెట్‌ను ఎక్కిస్తే లెక్క తప్పుతుందే?

గెస్ట్: చెన్నైలో ఉదయం 8కి ఎక్కి, కువైట్‌లో అక్కడి టైమ్ 10:30కి దిగారనుకో. ప్రయాణం ఐదు గంటలు. అట్లాగే రాస్తే క్యాలెండర్ రెండున్నర గంటలే అనుకుంటుంది. ఈవెంట్‌లో 'టైమ్ జోన్' నొక్కి, మొదలుకూ ముగింపుకూ వేర్వేరు జోన్‌లు అనే టిక్ పెట్టి, మొదలు కోల్‌కతా, ముగింపు కువైట్ ఇవ్వాలి. ఇది కంప్యూటర్‌లో చేసుకోవడం మేలు.

హోస్ట్: వెబ్‌సైట్ ఇచ్చిన ఐసీఎస్ ఫైల్, అంటే ఈవెంట్‌ను క్యాలెండర్‌లోకి ఎక్కించే ఫైల్, కలిపితే ఐదున్నర గంటలు తేడా వస్తుందని చాలామంది అడుగుతారు.

గెస్ట్: సరిగ్గా ఐదున్నర అంటే కారణం దాదాపు దొరికినట్టే. ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'డీటీస్టార్ట్' (DTSTART) లైన్ చూడాలి, మొదలయ్యే టైమ్ అక్కడే ఉంటుంది. తేదీ, తర్వాత టీ అక్షరం, తర్వాత 183000 అని ఉంటుంది, అంటే సాయంత్రం ఆరున్నర. ఆ అంకెల చివర 'జెడ్' ఉంటే అది యూటీసీ టైమ్. మన ఆరున్నరకు పొరపాటున జెడ్ తగిలిస్తే క్యాలెండర్‌లో రాత్రి 12 అయి కూర్చుంటుంది. ముందు 'టీజెడ్ఐడీ' (TZID, టైమ్ జోన్ పేరు) అని ఊరు రాసి ఉంటే అదే సరైనది. రెండూ లేకపోతే అది ఏ ఊరికీ కట్టని టైమ్, ఎవరు తెరిస్తే వాళ్ల ఊరి ఆరున్నర. మాత్ర వేసుకునే రిమైండర్‌కు అది బాగుంటుంది, ఇంటర్వ్యూకు పనికిరాదు.

హోస్ట్: చివరగా మన ఊరి ప్రశ్న. దర్శనం టికెట్లు ఉదయం 10కి విడుదల అని ప్రకటన వస్తే డాలస్‌లో ఉన్నవాళ్లు?

గెస్ట్: వాళ్లకు ముందు రోజు రాత్రి. ఎండాకాలం 11:30, చలికాలం 10:30. తేదీ ఒకటి తగ్గుతుంది, అక్కడే పొరపాటు పడతారు. అందుకే ఈవెంట్‌ను కోల్‌కతా జోన్‌లో పెట్టి పంపాలి, వాళ్ల ఫోనే మార్చి చూపిస్తుంది.

హోస్ట్: పెళ్లి ముహూర్తం?

గెస్ట్: అది ఇంకా జాగ్రత్త. మన వారం సూర్యోదయంతో మారుతుంది, ఫోన్‌ది అర్ధరాత్రితో. శ్రావణంలో 'శుక్రవారం రాత్రి 2:14, తెల్లవారితే శనివారం' అని శుభలేఖలో ఉంటే క్యాలెండర్‌లో శనివారం ఉదయం 2:14, కోల్‌కతా జోన్. డాలస్‌లో లైవ్ చూసేవాళ్లకు అది శుక్రవారం మధ్యాహ్నం 3:44. శుభలేఖలోని ఆ వాక్యాన్ని యథాతథంగా వివరాల గడిలో కూడా రాసిపెట్టండి, పెద్దవాళ్లు ఫోన్ చేసి అడిగితే అదే చదివి వినిపించొచ్చు.