బోటు ట్రైలర్‌కి ఆయిల్ హబ్‌లు: పులికాట్ ఉప్పునీళ్లలో వాడాక నా రివ్యూ

నమస్కారమండీ. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ బోటు గురించి కాదు, దాన్ని మోసే ట్రైలర్ చక్రాల హబ్‌ల గురించి. చక్రం మధ్యలో బేరింగుల మీద తిరిగే గుండ్రటి భాగమే హబ్.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. మామూలు హబ్‌కి ఇక్కడ ఇనుప మూత, లోపల గ్రీజు ఉంటాయి. దీనికి అవతలికి కనపడే ప్లాస్టిక్ మూత ఉంది. లోపల సగం వరకూ ఆయిల్ కనిపిస్తోంది కదా? చక్రం తిరుగుతున్నప్పుడు ఆ ఆయిల్ రెండు బేరింగుల్లోకీ వెళ్తుంది, అక్కడి వేడిని హబ్‌కి చేరవేస్తుంది.

లగేజీ ట్రైలర్‌కి ఇంత హంగామా అక్కర్లేదు. బోటు ట్రైలర్ సంగతి వేరు. మా బండి రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట దాటి పులికాట్ ఒడ్డుకు వెళ్తుంది. మే నెల ఎండలో అంత దూరం తిరిగాక హబ్ బాగా వేడెక్కుతుంది. ఆ వేడి మీదే నీళ్లలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకి వెనక ఆయిల్ సీల్, అంటే ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగు, దాని అంచు దగ్గర నీళ్లు లోపలికి దూరతాయి. అవేమో ఉప్పునీళ్లు. గ్రీజు హబ్‌లో నీళ్లు చేరితే బేరింగ్ అరిచేదాకా మనకి తెలియదు. ఇందులో మూత వంక చూస్తే చాలు. ఈ ఆయిల్ హబ్ కిట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఏం చూడాలో చెప్తాను. ఆయిల్ తేటగా ఉంటే దిగులు లేదు. పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్లు చేరినట్టే. ఆయిల్ మొత్తం తీసేసి సీల్ మార్చాలి, పైపైన కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోకూడదు. నల్లబడి మాడు వాసన వస్తే బాగా వేడెక్కిందని. ఆయిల్లో వెండి పొడిలాంటి మెరుపు కనిపిస్తే బేరింగ్ అరుగుతోంది, హబ్ విప్పాల్సిందే. ఇక చక్రం లోపలివైపు ఆయిల్ చార కనిపిస్తే సీల్ పోయింది. ట్రైలర్‌కి బ్రేకులుంటే ఆ ఆయిల్ బ్రేకు లైనర్ల మీద పడుతుంది, కాబట్టి వెంటనే చూసుకోండి.

బిగించే పని దగ్గర కొంచెం ఓపిక పట్టండి. చాలామంది ఆయిల్ హబ్ మంచిది కాదనడానికి కారణం యాక్సిల్ మీద సీల్ కూర్చునే చోటు సరిగ్గా లేకపోవడమే. ఇక్కడ వేలు పెట్టి చూడండి. తుప్పు గుంటలు గానీ, పాత సీల్ తిని చేసిన గాడి గానీ తగిలితే ఎంత ఖరీదైన సీల్ వేసినా కారుతుంది. చిన్న మరకలైతే సన్న ఎమెరీ పేపర్‌తో పోతాయి. గాడి పడితే లేత్ షాపులో చూపించి, దానిమీద స్లీవ్, అంటే సన్న లోహపు తొడుగు, వేయించండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

రెండోది, పాత గ్రీజు కొంచెం కూడా మిగలకూడదు. బేరింగులు, హబ్ లోపల అంతా డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే ఆయిల్. గ్రీజు ముద్దలు మిగిలితే ఆయిల్ దారికి అడ్డం పడతాయి. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, మళ్లీ వదులు చేసి, చేత్తో తగిలేదాకా తిప్పి స్ప్లిట్ పిన్ను వెయ్యండి. మరీ బిగిస్తే బేరింగ్ కాలుతుంది.

ఆయిల్ ఏది పోయాలన్నది కిట్ తయారుచేసినవాళ్లు రాసిందే పాటించండి. మాకు రాసింది గేర్ ఆయిల్, అది తిరుపతిలో ఏ ఆటో స్పేర్ షాపులోనైనా దొరుకుతుంది. ట్రైలర్ సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి పోయండి. పోసి కాసేపు ఆగితే బేరింగుల్లోకి దిగి మట్టం తగ్గుతుంది, అప్పుడు మళ్లీ మూత మీది గీత దాకా కలపాలి. నిండా మాత్రం పోయకండి, వేడికి ఆయిల్ పెరుగుతుంది, దానికి చోటు కావాలి.

ఇక నాకు నచ్చనివి. సీల్ పోతే గ్రీజు కొంతైనా పట్టుకుని ఉంటుంది, ఆయిల్ మొత్తం కారిపోతుంది. చూసుకోకుండా హైవే ఎక్కితే బేరింగ్ పట్టేస్తుంది. వానాకాలమంతా ట్రైలర్ కదలకుండా ఉంటే ఆయిల్ మట్టానికి పైనున్న బేరింగ్ భాగం పొడిబారి తుప్పు పడుతుంది. అప్పుడప్పుడూ జాకీ వేసి చక్రాలు తిప్పాలి. పైగా ఆ ప్లాస్టిక్ మూత. ఎండకి పసుపెక్కుతుంది, రాయి తగిలితే పగులుతుంది. ఇంత మంచి వస్తువుకి అంత నాసి మూత ఇవ్వడం నాకు బాధగానే ఉంది.

కాబట్టి తరచూ దూరాలు తిరిగేవాళ్లు, బయల్దేరే ముందు చక్రాల మూతలన్నీ చూసుకునే అలవాటున్నవాళ్లు తప్పకుండా కొనండి. ఏడాదికోసారి బోటు తీసేవాళ్లకి గ్రీజు హబ్బే నయం, దానికే మంచి సీల్ వేయించుకోండి.

ఏ హబ్ అయినా సరే, ఒడ్డుకు చేరగానే నీళ్లలోకి దించకండి. చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలేదాకా ఆగండి. ఒక ఆయిల్ సీల్, ఒక మూత, దాని కింద వేసే రబ్బరు ఓ-రింగ్, ఒక చిన్న డబ్బా ఆయిల్ బండిలో ఉంచుకోండి. పులికాట్ ఒడ్డున ఇవి దొరకవు, కిట్ కొన్నరోజే కొనేయండి.