కౌన్సెలింగ్ ఇప్పించండి అన్నప్పుడు

అందరికీ నమస్కారం.

స్కూలు నుంచి ఫోన్ వస్తుంది. "మీ వాడు క్లాసులో ఎవరితోనూ మాట్లాడడం లేదండీ, కౌన్సెలింగ్ ఇప్పించండి" అంటారు. ఆ సాయంత్రమే బాబాయినో ట్యూషన్ మాస్టర్నో పిలిచి ఒక గంట బుద్ధులు చెప్పిస్తాం. వాడు తలూపుతాడు. వారం తిరక్కుండానే మళ్ళీ అదే తంతు. "కౌన్సెలింగ్ కూడా అయింది, మారలేదు" అని తేల్చేస్తాం. అది కౌన్సెలింగ్ కాదు, మందలింపు. ఏ బాధకు ఎవరి సాయం కావాలో తెలియకపోవడం వల్ల కావలి, నెల్లూరు, ఒంగోలు ఎక్కడైనా పిల్లలు నెలల తరబడి నలిగిపోతున్నారు.

ముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏడు రోజులు రాయండి. ఎన్నింటికి నిద్రపోయాడు, ఏం తిన్నాడు, బడికి వెళ్ళాడా, కడుపునొప్పో తలనొప్పో ఏ పూట వచ్చింది, ఏడుపూ కోపమూ ఎప్పుడు, దానికి కాస్త ముందు ఏం జరిగింది. ఈ చివరిదే అన్నిటికన్నా విలువైనది. ఆదివారం సాయంత్రం మొదలై, సోమవారం బడి బస్సు వెళ్ళిపోగానే తగ్గే కడుపునొప్పి ఉందనుకోండి, బడిలో ఏదో భయపెడుతోంది. ఆ నొప్పి నటన కాదు. భయం వేస్తే కడుపు నిజంగానే మెలిపెడుతుంది. చదవమన్నప్పుడూ రాయమన్నప్పుడూ మాత్రమే గొడవైతే నేర్చుకోవడంలో చిక్కు ఉండొచ్చు. సెలవుల్లో కూడా, ప్రాణంగా ఆడే క్రికెట్ కూడా వద్దంటూ రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. చూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్ లాంటివి కూడా పిల్లల డాక్టరుతో ఒకసారి పరీక్ష చేయించండి.

ఏడు రోజులు ఆగకూడని సందర్భం ఒకటుంది. "చచ్చిపోతే బాగుండు" అన్నా, అలా ఎక్కడైనా రాసుకున్నా, చేతులు కోసుకున్న గుర్తులు కనిపించినా ఆ రోజే కదలాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికొస్తుంది. ఒంటరిగా వదలకండి. మనవి మిరప, పొగాకు, వరి పండించే ఇళ్ళు. మంచం కిందో వసారాలోనో పురుగుమందు డబ్బా ఉంటుంది. దాన్ని ఇంట్లోంచి తీసేయండి, కుదరకపోతే తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. ఒక్కోసారి ఆ ఆవేశం నిమిషాల్లోనే దిగిపోతుంది. ఆ కొద్దిసేపు డబ్బా చేతికి అందకపోవడమే బిడ్డను బతికిస్తుంది. ఒకవేళ తాగితే ఉప్పునీళ్ళు పట్టి కక్కించకండి, 108కి ఫోన్ చేసి, డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పండి. పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేసి తీరాలి. పరువు పేరుతో ఇంట్లోనే రాజీ చేయకండి.

అన్ని బాధలకూ నిపుణులు అక్కర్లేదు. తాతయ్య పోయాడు, కొత్తగా హాస్టల్లో వేశారు, అమ్మానాన్నలు పనికోసం బెంగళూరో హైదరాబాదో వెళ్ళి బిడ్డను అవ్వ దగ్గర వదిలారు. ఇది బెంగ. దీనికి రోజుకు పదిహేను నిమిషాలు, సలహాలు లేకుండా, ఫోన్ పక్కన పెట్టి కూర్చునే మనిషి చాలు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలేయకండి. చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూనో, బండి మీద వెళ్తూనో మాట్లాడితే నోరు విప్పుతారు. "ఎందుకిలా చేస్తున్నావు" అనొద్దు, "ఏమైంది" అనండి. దూరంగా ఉన్నవాళ్ళు రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. "ఆదివారం వస్తా" అని రాకపోతే మాత్రం, అసలు చెప్పకపోవడం కన్నా ఎక్కువ నష్టం.

చదువులో చిక్కు ఉన్న బిడ్డకు ఓదార్పు మాటలతో పని జరగదు. సైకాలజిస్టు చేత పరీక్షలు చేయించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో నేర్చుకునే లోపం కూడా ఉంది, ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. అది తెలియక ఆ పిల్లల్ని సోమరులని తిడుతున్నాం. ఇది చాలా అన్యాయం.

ఇక నిపుణుల్ని ఎంచుకోవడం. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ముందు ఓపీ చీటీ తీసుకుని మానసిక వైద్య విభాగం అని అడగండి. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు, చికిత్స చేస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉంటుంది, మొహమాటం లేకుండా అడగండి. కౌన్సెలర్ అన్న బోర్డు చూసి చదువెంతో తెలియదు. ఏం చదివారు, ఈ వయసు పిల్లల్ని చూస్తారా, ఏ పద్ధతి, ఎన్ని సిట్టింగుల తర్వాత సమీక్ష, మాకు ఏది చెబుతారు, ఏది చెప్పరు? ఇవన్నీ అడగండి. భయానికీ దిగులుకూ సీబీటీ అనే పద్ధతి, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చే మాటల చికిత్స, మామూలుగా వారానికోసారి, ముప్పావు గంట చొప్పున, మూడు నాలుగు నెలలు సాగుతుంది. చిన్నపిల్లలకు ఆటల ద్వారా చేస్తారు, తల్లిదండ్రులకూ నేర్పిస్తారు. ఒక్క సిట్టింగులో నయం చేస్తానన్నా, మీ ముందే బిడ్డను తిట్టినా అక్కడికి మళ్ళీ వెళ్ళకండి.

బయటికి రాగానే "లోపల ఏం చెప్పావురా?" అని గుచ్చి గుచ్చి అడగడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. తర్వాతి వారం ఆ పిల్లవాడు లోపల కూడా నోరు విప్పడు. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రల ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకో ఆదుర్దానో పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. తేరుకున్నాడు కదా అని మాత్రలు మీరే ఆపేయకండి. దర్గాలో తాయెత్తు కట్టించండి, గుడికి తీసుకెళ్ళండి, దానికేం అడ్డులేదు. కొట్టమని, పస్తుంచమని, కట్టేయమని ఎవరు చెప్పినా వినకండి.

నాలుగో సిట్టింగు తర్వాత ఆ మొదటి నోటుపుస్తకం మళ్ళీ తీసి ఇంకో ఏడు రోజులు రాయండి. నిద్ర, తిండి, బడికెళ్ళిన రోజులు పక్కపక్కన పెట్టి చూడండి. ఏమీ కదలకపోతే చికిత్స మానేయకండి, ఆ రెండు పేజీలూ నిపుణుల ముందు పెట్టి పద్ధతి మార్చాలా అని అడగండి.