రెండు మాత్రలూ మానేయకుండా చూడాలంటే

ఆశా అక్కలకూ, కౌన్సెలర్లకూ నమస్కారం. హెచ్‌ఐవీ మందుతో పాటు డిప్రెషన్ మాత్ర కూడా వాడాల్సినవాళ్లు రెండిట్లో ఏదీ మానేయకుండా ఎలా చూసుకోవాలో చెబుతాను.

మన కోనసీమలో ‘నాకు డిప్రెషన్’ అనేవాళ్లు తక్కువ. ‘నీరసంగా ఉందమ్మా, అన్నం సయించట్లేదు, తెల్లవారుజామున మెలకువొచ్చేస్తోంది’ అంటారు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి ఆ మాటంటే రక్తహీనత, థైరాయిడ్, టీబీ పరీక్షలు చేయించాలి. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లకు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి. అక్కడితో ఆగకండి. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిది ప్రశ్నలూ అడగండి. 27కి 10 గానీ, ఆ పైన గానీ వస్తే డాక్టరు చూడాలి. గతంలో నిద్ర లేకపోయినా రోజుల తరబడి విపరీతమైన హుషారుతో తిరిగిన సందర్భం ఉందేమో కూడా అడగండి. ఉంటే సైకియాట్రిస్టుకు ముందే చెప్పాలి. అలా ఒకప్పుడు దిగులు, ఒకప్పుడు అతి హుషారు వచ్చే బైపోలార్ జబ్బున్న మనిషికి ఒట్టి డిప్రెషన్ మాత్ర ఇస్తే ఉన్మాదం పైకి రావచ్చు.

హెచ్‌ఐవీకి ఇప్పుడు ఎక్కువమంది వాడేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర. డిప్రెషన్ మాత్రలైన ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ రెండూ దాంతో కలిపి వాడుకోవచ్చు. డోలుటెగ్రావిర్ వల్ల నిద్ర చెడితే ఆ మాత్రను పొద్దున్నకు మార్చుకుంటే చాలా మందికి సర్దుకుంటుంది. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు మీద ఉన్నవాళ్లకు దిగులు పుడితే ముందు అనుమానించాల్సింది ఆ మందునే. మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో లైను హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్ ఉంటే అమిట్రిప్టిలిన్, ట్రాజొడోన్ అనే డిప్రెషన్ మందులు రక్తంలో పెరిగిపోతాయి. అందుకే సైకియాట్రిస్టుకు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) పుస్తకం చూపించమని నచ్చజెప్పాలి. చూపించాలా వద్దా అన్నది మాత్రం ఆ మనిషి ఇష్టం. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ హక్కు ఇచ్చింది.

అసలు చిక్కు డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లో వస్తుంది. ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10కి పెంచుతారు. సెర్ట్రలిన్ అయితే 25, తర్వాత 50. వికారం, విరేచనాలు, గాబరా వెంటనే మొదలవుతాయి. మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బాధ ముందొచ్చి మేలు వెనకొస్తుంది కాబట్టి, ఏ మాత్ర పడలేదో తెలియక ఏఆర్‌టీ కూడా మానేస్తారు. అది జరగకూడదు. మూడో రోజు, పదో రోజు మీరు పలకరించండి. ‘ఈ వికారం కొత్త మాత్రది, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది, పాతది మానొద్దు’ అని మాత్ర చేత్తో పట్టుకుని చూపించి చెప్పండి.

నాట్ల రోజుల్లో నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుంటారు. ఈ డిప్రెషన్ మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, టెనోఫోవిర్ ఉంటే కిడ్నీకీ ముప్పే. పారాసెటమాల్ చాలు. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వద్దు. నిద్రకని ఆల్ప్రాజొలామ్ మాత్ర సొంతంగా కొనుక్కుంటే అలవాటు పడతారు, దిగులు మాత్రం అలాగే ఉంటుంది.

డిప్రెషన్ మాత్రను బాగయ్యాక కూడా కనీసం తొమ్మిది నెలలు వాడాలి. ఆ మాత్ర మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు నాలుగు వారాలకు తక్కువ కాకుండా కొద్దికొద్దిగా తగ్గించాలి.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మాత్రలు ఒకసారికి వారానికి సరిపడానే ఇప్పించి, ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. చూరులో దోపిన పురుగుమందు డబ్బా అదే పూట ఇంట్లోంచి తీయించండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.