హోస్టా: నీడను కోరే మొక్క, దానికి పెట్టిన పేర్లు

శ్రోతలకు నమస్కారం. పూల కోసం కాక ఆకుల కోసమే పెంచుకునే ఒక మొక్క గురించి ఈ పూట చెప్పుకుందాం. దాని పేరు హోస్టా. జపాన్, కొరియా, చైనా దేశాల కొండవాలుల్లో, వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల కింద సహజంగా పెరిగే ఈ బహువార్షిక మొక్క ఇవాళ ఐరోపా, అమెరికా ఇళ్లలో మరేదీ సరిగ్గా ఎదగని ఉత్తరపు గోడ పక్కన గుబురుగా కనిపిస్తుంది.

చలికాలం రాగానే ఆకులన్నీ ఎండి రాలిపోయి, నేల మీద మొక్క ఉన్న జాడే మిగలదు. చలి తగ్గి నేల వెచ్చబడ్డాక, వేరుమొదలు నుంచి కోసుగా చుట్టుకున్న మొలకలు పైకి పొడుచుకొచ్చి, ఒక్కొక్క ఆకూ చుట్ట విప్పుకుంటుంది. వీటిలో నీలి రకాలని పిలిచేవి ఉన్నాయి గానీ, నిజానికి ఆ ఆకులో నీలిరంగు అంటూ ఏదీ లేదు. ఆకు మీద పట్టిన సన్నని మైనపు పొర వెలుతురును చెదరగొట్టడం వల్లే మన కంటికి అలా కనిపిస్తుంది. బూడిద గుమ్మడికాయ మీది బూడిదలాగే, వేలితో రుద్దితే ఆ పొర పోయి కింద మామూలు పచ్చదనం బయటపడుతుంది. ఎండకూ వానకూ అది క్రమంగా అరిగిపోతుంది కనుక, వసంతంలో నీలంగా ఉన్న మొక్క వేసవి చివరికి పచ్చగా మారుతుంది.

ఇక పేరు సంగతి. జపాన్ విదేశీయులకు దాదాపుగా తలుపులు మూసుకున్న కాలంలో, నాగసాకి రేవులోని డెజిమా అనే చిన్న కృత్రిమ దీవిలో మాత్రం డచ్చి వర్తకులను ఉండనిచ్చేది. ఆ స్థావరానికి వైద్యులుగా వచ్చినవారే ఈ మొక్కను పాశ్చాత్యులకు పరిచయం చేశారు. 1690లో వచ్చిన ఎంగెల్బర్ట్ కెంఫర్ 1712లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. 1775లో వచ్చిన తున్‌బెర్గ్ దీన్ని వేరే జాతి మొక్కల్లో కలిపేశాడు. 1823లో వచ్చిన సీబోల్డ్ అనేక రకాలను నెదర్లాండ్స్‌కు చేర్చాడు. 1812లో ట్రాటినిక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, చక్రవర్తి ఫ్రాన్సిస్‌కు వైద్యుడూ వృక్షశాస్త్రజ్ఞుడూ అయిన నికొలాస్ తోమస్ హోస్ట్ గౌరవార్థం ఈ ప్రజాతికి హోస్టా అని పేరు పెట్టాడు. అయితే ఆ పేరు అంతకుముందే మరో మొక్కకు పెట్టి ఉండటంతో, 1817లో ష్ప్రెంగెల్ దాన్ని తోసిపుచ్చి, ఫుంక్ అనే జర్మన్ ఔషధ నిపుణుడి పేరు మీద ఫుంకియా అన్నాడు. 1905లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ మళ్లీ హోస్టానే ఖాయం చేసింది. అయినా జర్మనీ, పోలండ్, స్వీడన్ తోటమాలులు నేటికీ ఫుంకియా అనే మాటను వదల్లేదు. ఇంత తగవు జరిగినా, ఈ రెండు పేర్లలో ఏదీ మొక్క గురించి ఒక్క ముక్క చెప్పదు.

జపానీయులు దీన్ని గిబోషి అంటారు. పాత వంతెనల పిట్టగోడ స్తంభాల మీద ఉల్లిగడ్డ ఆకారంలో బిగించే లోహపు తొడుగులను గిబోషి అనే అంటారు. పూలకాడ చివర ముడుచుకుని ఉన్న మొగ్గల గుత్తి అచ్చంగా ఆ ఆకారంలోనే ఉంటుంది. లేత మొలకలను కూరగా వండుకునేటప్పుడు మాత్రం వాటిని ఉరుయి అంటారు. యమగాత ప్రాంతంలో దీన్ని సాగు చేసి అమ్ముతారు. ఉడికించిన కాడ కాస్త జిగురుగా, కరకరలాడుతూ ఉంటుంది. అడవిలో ఏరుకునేవారికి మాత్రం ప్రమాదం పొంచి ఉంది. బైకెయిసో అనే విషపు మొక్క మొలక కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, ఉడికించినా దాని విషం విరగదు. పొరపాటున తిని ఆసుపత్రి పాలయ్యేవారు ఉంటున్నందున, ప్రతి వసంతంలోనూ అక్కడి ఆరోగ్యశాఖ హెచ్చరికలు చేస్తుంది. తేడా ఈనెల్లో ఉంది: ఉరుయి ఆకుకు నడిమి ఈనె స్పష్టంగా ఉండి, పక్క ఈనెలు దాని నుంచి చీలతాయి, బైకెయిసో ఆకులో ఈనెలన్నీ మొదటి నుంచి కొస దాకా సమాంతరంగా సాగుతాయి.

మన పిల్లిపీచర, కిత్తనార, నేలసంపెంగ కూడా హోస్టా కుటుంబానివే. చైనాకు చెందిన ఒక హోస్టా జాతికి సాయంకాలం విచ్చుకునే పొడవైన తెల్లని పూలు, వాటికి నేలసంపెంగను తలపించే గాఢమైన పరిమళం ఉండటం ఈ బంధుత్వానికి తగినట్టే ఉంది. అమెరికాలో స్థిరపడిన మనవారి పెరళ్లలోనూ హోస్టా పెరుగుతోంది. అక్కడ నత్తలతోనూ, రాత్రికి రాత్రే కాడలు మాత్రం మిగిల్చి ఆకులన్నీ మేసిపోయే జింకలతోనూ వేగలేక విసిగిపోయేవారు తక్కువేమీ కాదు.

అక్కడి నుంచి ఒక పిలక తెచ్చి హైదరాబాదులోనో విజయవాడలోనో నాటుకుందామంటే కుదరదు. నీడ మనమూ కల్పించగలం, నీరూ పోయగలం. కానీ ఏటా కొన్ని వారాల పాటు గట్టి చలిలో నిద్రపోతే తప్ప ఈ మొక్క మరుసటి ఏడు బలంగా చిగురించదు. లంబసింగిలో కూడా ఆ చలి తెల్లవారుజామునే తప్ప మధ్యాహ్నం దాకా నిలవదు. పైగా విదేశం నుంచి మొక్క తేవాలంటే దిగుమతి అనుమతి పత్రమూ, తెగుళ్లు లేవన్న ధ్రువపత్రమూ ఉండాలి. మన అరుగు నీడకు రంగురంగుల కలేడియం చాలు. దానికి చలితో పని లేదు.