మిలాన్ దాకా వచ్చి పవీయా చూడకుండా వెళ్ళకండి

అందరికీ నమస్కారం అండి. మిలాన్ వచ్చిన మనవాళ్ళు కెథెడ్రల్ ముందు ఫోటో దిగుతారు, కోమో సరస్సు చూస్తారు, వెనీస్ రైలెక్కేస్తారు. కాస్త ఓపిక ఉన్నవాళ్ళు పవీయా శివార్లలోని చెర్తోజా మఠం వరకూ వెళ్ళి అట్నుంచి అటే వెనక్కి వచ్చేస్తారు, ఊళ్ళోకి మాత్రం అడుగు పెట్టరు. నాకు బాధ కలిగించేది అదే. మిలాన్ నుంచి 35 కిలోమీటర్లు, రైల్లో అరగంట, స్టేషన్‌లో దిగాక అన్నీ నడిచే చూడొచ్చు. 572 నుంచి 774 వరకూ లాంబార్డ్ అనే జర్మానిక్ తెగవాళ్ళ రాజ్యానికి రాజధాని ఈ ఊరు, ఫ్రాంకుల రాజు షార్లమేన్ వచ్చి దాన్ని గెలుచుకున్న తర్వాత కూడా ఇటలీ రాజులు కిరీటం పెట్టించుకోవడానికి ఇక్కడికే వచ్చేవాళ్ళు.

ఆ కిరీటాల చర్చి సాన్ మికేలే మజ్జోరే. ఒక్క చర్చికే టైముంటే దీనికే వెళ్ళండి. 1155లో జర్మన్ రాజు ఫ్రెడరిక్ బార్బరోసాకి ఇటలీ రాజుగా పట్టాభిషేకం జరిగింది ఇందులోనే. ఇప్పుడు కనిపించే కట్టడం 11వ శతాబ్దం చివర్లో మొదలై 12వ శతాబ్దంలో పూర్తయింది, అంటే అచ్చమైన రోమనెస్క్ కాలం. మందపాటి గోడలు, అరవృత్తంలా ఉండే ఆర్చీలు, చిన్న చిన్న కిటికీలు, లోపల కొంచెం చీకటి. మొనదేలిన ఆర్చీలు, పెద్ద పెద్ద గాజు కిటికీలు వచ్చింది ఆ తర్వాతి గోథిక్ కాలంలో.

పవీయాలో పాత చర్చీలు దాదాపు అన్నీ ఇటుకవే, ఇది మాత్రం ఇసుకరాయితో కట్టారు. ముఖభాగం ఒకే పెద్ద త్రికోణంలా పైకి లేస్తుంది, పైకప్పు అంచు కింద చిన్న స్తంభాల వరస మెట్లు మెట్లుగా ఎక్కుతూ పోతుంది, కింద మూడు ద్వారాలు, వాటి చుట్టూ, గోడకి అడ్డంగా సాగే పట్టీల నిండా శిల్పాలు. రెక్కల మృగాలు, చేప తోకల ఆడవాళ్ళు, ఒకదాన్నొకటి కరుచుకునే జంతువులు. ఆ రాయి మెత్తన కావడంతో వానకీ గాలికీ చెమ్మకీ అరిగిపోయి, కొన్నిచోట్ల బొమ్మలు వాడేసిన సబ్బుబిళ్ళ మీది అక్షరాల్లా ఉన్నాయి. ఒకచోట తల ఉంటుంది, ముఖం ఉండదు. అందుకే చెప్తున్నా, మన పిల్లల నాటికి ఇందులో ఎంత మిగులుతుందో ఎవరూ మాట ఇవ్వలేరు. మధ్యాహ్నం తర్వాత ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్తే నీడల వల్ల చెక్కడం బాగా తెలుస్తుంది, నిట్టమధ్యాహ్నం అంతా చదునుగా కనిపిస్తుంది. లోపల వేదిక దగ్గర నేల మీద పాత మొజాయిక్ కొంత మిగిలింది, అందులో పన్నెండు నెలల బొమ్మలూ, ఒక చిక్కుదారి బొమ్మా ఉంటాయి. స్తంభాల తలల మీద చెక్కిన కథలు కూడా చూడండి, తొందరపడొద్దు.

ఊరికి ఉత్తరం వైపు సాన్ ప్యెత్రో ఇన్ చెల్ దోరో ఉంది. 1132లో ప్రతిష్ఠ జరిగిన ఇటుక చర్చి, సాన్ మికేలేతో పోలిస్తే బయటికి సాదాగా ఉంటుంది. కానీ తొలినాటి గొప్ప క్రైస్తవ గురువు పునీత అగస్టీను సమాధి ఇక్కడే ఉందని మన కథోలికుల్లోనే చాలామందికి తెలియదు! ఆయన 430లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో చనిపోయారు, ఆ తర్వాత అస్థికలు సార్డీనియా దీవికి చేరాయి, అక్కడి నుంచి 8వ శతాబ్దంలో లాంబార్డ్ రాజు లియుత్‌ప్రాండ్ పవీయాకి తెప్పించాడు. వాటి పైన కనిపించే పెద్ద పాలరాతి కట్టడం మాత్రం 14వ శతాబ్దం నాటి గోథిక్ పని, ఒళ్ళంతా చిన్న చిన్న విగ్రహాలే. 2007లో పోప్ 16వ బెనెడిక్ట్ ఇక్కడికి వచ్చి ప్రార్థించారు. కింద నేలమాళిగలో బోయెథియస్ అవశేషాలు ఉన్నాయి, 6వ శతాబ్దంలో ఇటలీని ఏలిన గోత్ రాజు థియోడరిక్ చంపించిన తత్వవేత్త ఆయన. ఆ మెట్లు దిగకుండా రావద్దు.

ఇక టవర్లు. మధ్యయుగంలో ఇక్కడి పెద్ద కుటుంబాలు పోటీపడి ఇటుక టవర్లు లేపాయి, అందుకే దీన్ని నూరు టవర్ల ఊరు అనేవాళ్ళు. యూనివర్సిటీ పక్కన పియాజ్జా లియోనార్దో ద వించీలో మూడు ఒక్కచోటే నిలబడి ఉన్నాయి, అదే చౌరస్తాలో సాంత్ యుసేబియో అనే కూల్చేసిన చర్చి నేలమాళిగ కూడా ఉంది.

కెథెడ్రల్ పక్కన ఇంకో పెద్ద టవర్ ఉండేది, ఊరుమ్మడి టవర్. 1989 మార్చి 17 పొద్దున అది ఉన్నట్టుండి కుప్పకూలింది, నలుగురు చనిపోయారు. భూకంపం లేదు, పేలుడు లేదు. ఆ గోడలకి బయటా లోపలా మాత్రమే ఇటుక, మధ్యలో అంతా రాళ్ళూ సున్నమూ కలిపిన కూరు. పైన 16వ శతాబ్దంలో బరువైన గంటల గది కూడా పెట్టారు. వందల ఏళ్ళపాటు ఆ బరువు కింద గోడ కొద్దికొద్దిగా బలహీనపడుతూ వచ్చి ఆ రోజు తెగిపోయింది. ఆ దెబ్బతోనే పీసా టవర్ మీద భయం పెరిగి 1990 జనవరిలో దాన్ని మూసేశారు, మళ్ళీ తెరిచింది 2001 డిసెంబరులో. పవీయాలో ఇప్పుడు ఆ చోట మొదలు మాత్రమే మిగిలింది. దయచేసి అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

ఆ టవర్లన్నీ ఉన్నప్పుడు ఊరు ఎలా ఉండేదో చూడాలంటే నది వైపున్న సాన్ తెయొదోరో చర్చికి వెళ్ళండి. లోపల గోడ మీద 1522 నాటి పెద్ద చిత్రం ఉంది, బెర్నార్దీనో లాంజానీ వేశాడు. పక్షి కంటితో చూసినట్టు ఊరంతా కనిపిస్తుంది, ఎక్కడ చూసినా టవర్లే, కింద తిచీనో నది, దాని మీద కప్పున్న వంతెన. ఆ వంతెన 14వ శతాబ్దానిది, 1944లో బాంబు దాడుల్లో దెబ్బతింది, ఇప్పుడు మనం నడిచేది యుద్ధం తర్వాత దాని పక్కన పాత పోలికతో కట్టింది. నదిలో నీళ్ళు తగ్గితే పాత వంతెన పునాదులు బయటపడతాయి.

టైము మిగిలితే విస్కోంతీ కోటలోని మ్యూజియం చూడండి. 19వ శతాబ్దంలో కూల్చేసిన సాన్ జొవాన్నీ ఇన్ బోర్గో చర్చి శిల్పాలు అక్కడ దాచారు, ఎత్తులో మెడ నొప్పెట్టేలా చూడాల్సిన చెక్కడాన్ని కళ్ళెదురుగా చూడొచ్చు. ఒక్క జాగ్రత్త, చర్చీలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి పొద్దున సాన్ ప్యెత్రో, మధ్యాహ్నం కోట, వంతెన, మళ్ళీ తెరిచాక సాన్ మికేలే అని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. పవీయాలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఎవరైనా చూస్తుంటే, సాన్ మికేలే ఇప్పుడు ఏ వేళల్లో తెరుస్తున్నారో కామెంట్లో రాయండి, మిగతావాళ్ళకి పనికొస్తుంది.