పైటెస్ట్ అమరిక: పచ్చ గీతని నమ్మాలంటే ముందు మార్చాల్సిన సెట్టింగులు

నమస్కారం అండీ. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు కొట్లకీ మిల్లులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చేవాళ్ల కోసం ఈ వీడియో. పైథాన్ ప్రాజెక్టుకి పైటెస్ట్‌ని, అంటే మన కోడు సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టుల్ని నడిపే పనిముట్టుని, ఎలా అమర్చాలో చూద్దాం. ఇన్‌స్టాల్ చేయడం ఒక్క పిప్ కమాండు, దాని దగ్గర ఆగను. అసలు సంగతి ఏమిటంటే, పైటెస్ట్‌ని వచ్చింది వచ్చినట్టు వదిలేస్తే కొన్ని పొరపాట్లని పసుపు రంగు హెచ్చరికగా చూపించి దాటేస్తుంది. చివర్లో అన్నీ పాస్ అనే ఉంటుంది. అది నమ్మి సాఫ్ట్‌వేర్ షావుకారి చేతిలో పెట్టేస్తాం. అందుకే మొదటి పని, దాన్ని కఠినంగా మార్చడం.

ప్రాజెక్టు సెట్టింగులు ఉండే పైప్రాజెక్ట్ డాట్ టామల్ ఫైలు తెరవండి. 6.0 వెర్షన్ నుంచి పైటెస్ట్ సెట్టింగులు ఇందులోనే పెట్టుకోవచ్చు. టూల్ డాట్ పైటెస్ట్ డాట్ ఇనీ అండర్‌స్కోర్ ఆప్షన్స్, ఈ శీర్షిక అక్షరం తప్పకుండా ఉండాలి. దాని కింద టెస్ట్‌పాత్స్‌లో టెస్టుల ఫోల్డరు పేరు. పైథాన్‌పాత్‌లో మీ కోడు ఉన్న ఎస్‌ఆర్‌సీ ఫోల్డరు. ఈ రెండోది 7.0 నుంచే ఉంది, పాత వెర్షన్‌లో పనిచేయదు. ఇది లేకపోతే మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ రావచ్చు.

ఇప్పుడు యాడ్ఆప్ట్స్ చూడండి, పైటెస్ట్ నడిపిన ప్రతిసారీ దానంతట అదే చేరే ఆప్షన్లు ఇందులో రాస్తాం. స్ట్రిక్ట్ మార్కర్స్, స్ట్రిక్ట్ కాన్ఫిగ్, రెండూ రాయండి. మార్కర్ అంటే టెస్టుకి తగిలించే పేరు చీటీ. స్లో అని పెట్టాల్సిన మార్కర్‌ని అక్షరాలు అటూ ఇటూ చేసి రాశారనుకోండి, మామూలుగా హెచ్చరిక ఒక్కటే వస్తుంది, మార్కర్ పేరుతో ఏరి నడిపినప్పుడు ఆ టెస్టు అసలు ఎంపికలోకే రాదు. స్ట్రిక్ట్ పెడితే అక్కడికక్కడే ఆగిపోతుంది. మార్కర్ల పేర్లు మార్కర్స్ అనే జాబితాలో ముందే నమోదు చేయాలి. సెట్టింగు పేరే తప్పు రాస్తే పట్టుకునేది స్ట్రిక్ట్ కాన్ఫిగ్. దాంతోపాటు ఎక్స్‌ఫెయిల్ స్ట్రిక్ట్‌ని ట్రూ చేయండి. ఫెయిల్ అవుతుందని గుర్తు పెట్టిన టెస్టు ఒకరోజు పాసైపోతే అది కూడా మనకి తెలియాలి కదా. హైఫన్ ఆర్ఏ పెడితే ఏ టెస్టు ఎందుకు స్కిప్ అయిందో చివర్లో కారణంతో సహా చూపిస్తుంది.

ఫైలు పేరు టెస్ట్ అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలి, లేదా అండర్‌స్కోర్ టెస్ట్‌తో ముగియాలి. ఫంక్షన్ పేరు టెస్ట్‌తో మొదలవ్వాలి. టెస్టులు రాసిన క్లాసులో ఇనిట్ మెథడ్ ఉంటే దాన్ని పైటెస్ట్ సేకరించదు. ఎన్ని టెస్టులు దొరికాయో కలెక్ట్ ఓన్లీ ఆప్షన్‌తో ఒకసారి చూసుకోండి. ఒక్కటీ దొరకకపోతే ఎగ్జిట్ కోడ్ 5 వస్తుంది.

ఇక టెస్టుల్లో ఏం పెట్టాలి? సరిహద్దు జిల్లాల్లో మొదటి స్థానం పన్నుది. రాయగడ కొట్టు నుంచి కోరాపుట్‌లోని వ్యాపారికి సరుకు పంపితే రాష్ట్రం లోపలి అమ్మకం, కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ. ఆంధ్రలోని పార్వతీపురం వ్యాపారికి పంపితే రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఐజీఎస్టీ. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు: ఒడిశాకి 21, ఆంధ్రకి 37. 5 శాతం సరుకు 1,000 రూపాయలదైతే ఒకచోట 25, 25 రావాలి, ఇంకోచోట 50 రావాలి. దీనికి పారామెట్రైజ్ వాడండి, ఒకే ఫంక్షన్‌కి వరసలు చేర్చుకుంటూ పోవచ్చు.

అందులో తప్పనిసరిగా ఉండాల్సిన వరస 101 రూపాయలది. 5 శాతంలో సగం, అంటే రెండున్నర శాతం, 2.525 అవుతుంది. పైసల్లోకి రౌండ్ చేస్తే 2.53 రావాలనుకుంటాం. పైథాన్‌లో కచ్చితమైన దశాంశ లెక్కలకి ఉన్న డెసిమల్ వాడి, దాని క్వాంటైజ్‌తో రౌండ్ చేసినా 2.52 వస్తుంది, ఎందుకంటే దాని డిఫాల్ట్ పద్ధతి సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. రౌండ్ హాఫ్ అప్ అని మీరే చెప్పాలి. 25, 50 లాంటి రౌండ్ అంకెలతో మాత్రమే టెస్టు రాసినవాళ్లకి ఇది ఎప్పటికీ కనబడదు.

రెండోది అంకెల లిపి. ఫోన్‌లో ఒడియా కీబోర్డు మీద టైపు చేస్తే ఒడియా అంకెలు పడవచ్చు. పైథాన్‌లో ఈజ్‌డిజిట్ వాటిని కూడా అంకెలే అంటుంది, ఇంట్ వాటిని సంఖ్యగా మార్చేస్తుంది. అక్షరాల నమూనాలని వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డీ కూడా అంతే. కానీ ఒడియాలో రాసిన 21ని మామూలు 21తో స్ట్రింగుగా పోలిస్తే సరిపోలదు. అప్పుడు కోరాపుట్ ఖాతాదారుని పరాయి రాష్ట్రం వాడిగా లెక్కేసి ఐజీఎస్టీ వేసేస్తుంది! తనిఖీలో ఈజ్‌ఆస్కీని కూడా జతచేయండి, ఒడియా అంకెలతో ఒక టెస్టు, తెలుగు అంకెలతో ఒక టెస్టు రాయండి. ఈ వరసలకి ఐడీలు ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వండి. లేకపోతే పైటెస్ట్ ఆ లిపిని యూనికోడ్ ఎస్కేప్ కోడ్లుగా మార్చి చూపిస్తుంది, ఏది ఫెయిలైందో చదవలేం.

లిపితోనే ఇంకో చిక్కు ఉంది. ఖాతాదారుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్న సీఎస్‌వీ ఫైలుని ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఓపెన్ చేస్తే లినక్స్‌లో బాగానే చదువుతుంది. కొట్లో ఉన్న విండోస్ కంప్యూటర్ తన సొంత కోడ్‌పేజీతో చదివి పేర్లని చెడగొడుతుంది, లేదా ఎర్రర్ ఇస్తుంది. అది లినక్స్‌లోనే దొరకాలంటే పైథాన్‌వార్న్‌డిఫాల్ట్‌ఎన్‌కోడింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వండి, ఫిల్టర్ వార్నింగ్స్‌లో ఎన్‌కోడింగ్ వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చండి. పైథాన్ 3.10 నుంచి ఇది ఉంది. బయటి లైబ్రరీలు కూడా అదే హెచ్చరిక ఇస్తుంటే వాటి మాడ్యూల్ పేరు మీద మాత్రమే మినహాయింపు రాయండి, మొత్తం ఆపేయకండి.

డేటాబేస్ సంగతికి వద్దాం. టెస్టులన్నీ పంచుకునే కాన్ఫ్‌టెస్ట్ ఫైలులో ఫిక్స్చర్, అంటే టెస్టుకి కావాల్సినవి ముందే సిద్ధం చేసే ఫంక్షన్, రాసి, టీఎంపీ పాత్ ఇచ్చే తాత్కాలిక ఫోల్డరులో ఎస్‌క్యూలైట్ ఫైలు తయారుచేయండి. త్వరగా అవుతుందని టీఎంపీ పాత్ ఫ్యాక్టరీ వాడి దాన్ని సెషన్ స్కోపులో, అంటే మొత్తం టెస్టులకి ఒక్కసారే తయారయ్యేలా, పెడతారు చాలామంది. అప్పుడు ఒక టెస్టు రాసిన బిల్లు తర్వాతి టెస్టుకి కనబడుతుంది, బిల్లు నంబరు 1 రావాల్సిన చోట 2 వస్తుంది, లేదా ఒంటరిగా నడిపితే ఫెయిలయ్యే టెస్టు గుంపులో పాసవుతుంది. చిన్న ప్రాజెక్టుకి ప్రతి టెస్టుకీ కొత్తగా తయారయ్యే ఫంక్షన్ స్కోపే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎక్స్‌డిస్ట్ అనే ప్లగిన్‌తో టెస్టుల్ని చాలామంది వర్కర్లకి, అంటే వేర్వేరు ప్రాసెస్‌లకి, పంచి సమాంతరంగా నడిపితే సెషన్ ఫిక్స్చర్ ఒక్కో వర్కర్‌కి ఒకసారి చొప్పున నడుస్తుంది, కాబట్టి డేటాబేస్‌ని అందరికీ ఒకే చోట పెడితే ఫైలు పేరులో వర్కర్ ఐడీ కలపాలి.

తేదీల విషయంలో కంప్యూటర్ గడియారాన్ని నమ్మకండి. కోడు పుష్ చేయగానే టెస్టులు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ యంత్రాలు యూటీసీలో ఉంటాయి. మన సమయం 5 గంటల 30 నిమిషాలు ముందు. మార్చి 31 సాయంత్రం 6:30 యూటీసీ అంటే మనకి ఏప్రిల్ 1 మొదలు, కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త బిల్లు వరస. సమయాన్ని ఫంక్షన్‌కి బయటి నుంచి ఇచ్చేలా కోడు రాసి, 6:29కి ఒక టెస్టు, 6:30కి ఒక టెస్టు పెట్టండి. ఏషియా స్లాష్ కోల్‌కతా జోన్ విండోస్‌లో దొరకాలంటే టీజెడ్‌డేటా ప్యాకేజీ వేయాలి.

చివరగా ఆ యాక్షన్స్ ఫైలు. పైటెస్ట్ ఫలితాన్ని, తెర మీదా ఫైలులోనూ రాసే టీ కమాండుకి పైపు చేసి లాగ్ దాచుకుంటే, టెస్టులు ఫెయిలైనా ఆ స్టెప్పు పచ్చగానే ఉండిపోవచ్చు. షెల్ ఏదో చెప్పకపోతే, పైపులో ఏ కమాండు ఫెయిలైనా మొత్తాన్ని ఫెయిల్‌గా లెక్కించే పైప్‌ఫెయిల్ ఉండదు, అందుకే టీ కమాండు ఎగ్జిట్ కోడే లెక్కలోకి వస్తుంది. షెల్ బాష్ అని ఆ స్టెప్పులో స్పష్టంగా రాస్తే పైప్‌ఫెయిల్ దానంతట అదే వస్తుంది. రాశాక 50 రావాల్సిన చోట 51 పెట్టి ఒకసారి పుష్ చేసి చూడండి. ఎర్ర గుర్తు వచ్చాకే ఆ మార్పుని వెనక్కి తీసుకోండి.